బయట వేసిన తాళం

"వదినా, ఇది పోలీస్ స్టేషను. మీరొచ్చి తట్టినప్పుడల్లా తలుపు తీయడానికి మన ఇల్లు కాదు."

ఇన్‌స్పెక్టరు మా ఆయనకి సొంత తమ్ముడు. ఇంటికొస్తే నా చేతి కాఫీ కోసం వంటింటి గుమ్మంలోనే కుర్చీ వేసుకుంటాడు. యూనిఫాం తగిలించుకున్నాడంటే మాత్రం నేనెవరో, తనెవరో. నేనేమీ నొచ్చుకోలేదు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఇరవై ఏళ్ళు కాలిపోయిన దుకాణాల్లో బూడిద తిరగేసి, కాలిందా, కాల్చారా అని తేల్చినదాన్ని. ఇప్పుడు అదే పని సొంతంగా చేస్తున్నాను. నన్ను చూసి మొహం చిట్లించని మగవాడు ఇంతవరకు తగల్లేదు.

"నీ తలుపు సంగతి తర్వాత చూద్దాం. ఆ ఇంటి తలుపు సంగతి చెప్పు," అన్నాను కుర్చీ లాక్కుంటూ.

"చెప్పడానికేముంది? నిన్న మధ్యాహ్నం రోడ్డు పక్క బస్తీలో రేకుల ఇల్లొకటి అంటుకుంది. లోపల మంచం పట్టిన ముసలావిడ. బయట తాళం. జనం తాళం పగలగొట్టేసరికి ఆవిడ పోయింది. కోడలు ట్యాంకరు దగ్గరికి నీళ్ళకెళ్తూ తాళం వేసుకుని పోయింది. అత్తాకోడళ్ళకి క్షణం పడదని వీధి వీధంతా చెప్తోంది. కోడల్ని తెచ్చి లోపల కూర్చోబెట్టాను. అయిపోయింది."

"తాళంచెవి దొరికిందా?"

"ఎక్కడో విసిరేసి ఉంటుంది."

"ఉంటుంది, అయ్యుంటుంది, వేసుంటుంది. వీటితోనే కోర్టుకి వెళ్తావా?"

మా మరిది పళ్ళు నూరాడు. సొరుగులోంచి ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పడేశాడు. లోపల ఇత్తడి తాళం. అరచేతిలో పట్టనంత పెద్దది, మంచి రకం. కింద మూల పాత సొట్ట ఒకటి ఉంది. నిన్నటి రాతి దెబ్బలకి ఒక పక్క లొట్టపడింది కానీ అసలు తాళం చెక్కు చెదరలేదు. తలుపుకున్న గొళ్ళెమే ఊడొచ్చింది. కాలితో ఒక్కటి తంతే ఊడిపోయే రేకు తలుపుకి ఇంత తాళం ఎవడు వేస్తాడు? ఆ ఇంట్లో సామానంతా కలిపినా ఈ తాళమంత ఖరీదు చేయదు.

"కోడల్ని చూడాలి," అన్నాను.

"అయిదు నిమిషాలు. అదీ మా అన్నయ్య మొహం చూసి."

"మీ అన్నయ్య మొహం నేను రోజూ చూస్తున్నాను. అందులో అంత గొప్పేం కనబడలేదు."

వెనక గదిలో ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. చేతులకి మసి ఇంకా అలాగే ఉంది. కాలుతున్న రేకు పట్టుకుని లాగిన చేతులవి, బొబ్బలెక్కి ఉన్నాయి. నిన్నటి నుంచి ఒక్కడికీ ఆ చేతుల మీద ఒక చెంబుడు నీళ్ళు పోయాలని తోచలేదు. కానిస్టేబుల్‌ని కేకేసి నీళ్ళు తెప్పించాను.

"మీ అత్తకీ నీకూ గొడవలా అమ్మా?"

"గొడవ పడకపోతే ఆవిడకి పొద్దుపోయేది కాదండీ. నాకూ పోయేది కాదు," అంది. "ఇక ఎవరితో పడాలి?"

"తాళం ఎందుకు వేశావు?"

తలెత్తి నన్ను చూసింది. ఏదో అడగకూడనిది అడిగినట్టు చూసింది.

"మా ఇంట్లో తాళమే లేదండీ. మా ఇళ్ళ వరసలో ఎవరింట్లోనూ ఉండదు. కావాలంటే వెళ్ళి చూడండి."

బయట ఆవిడ మొగుడు కాచుకుని ఉన్నాడు. పొద్దున్నే నా ఆఫీసుకొచ్చి కేసు అప్పగించింది అతనే. వెల్డింగు పని. ఊళ్ళో వాళ్ళ కిటికీలకి ఇనుప గ్రిల్లులు, గేట్లు చేస్తాడు. తల్లి శవం ఆసుపత్రిలో ఉంది, పెళ్ళాం స్టేషన్లో ఉంది, ఇద్దరు ఆడపిల్లలు వీధిలో ఉన్నారు. ఎటు పరుగెత్తాలో తెలియక నా వెనకే నడిచాడు.

దారిలో అడిగాను. "మీ వరసలో ఎవరికీ తాళం లేదంటోంది. నిజమేనా?"

"తాళం వేస్తే ఇల్లు పోతుందండీ," అన్నాడు.

విషయం ఇది. వాళ్ళు ఉంటున్న నేల వాళ్ళ పేరున లేదు. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా కాగితం లేదు. ఒకప్పుడు రెండు కుటుంబాలు తాళాలేసుకుని ఊరెళ్తే, ఖాళీ కొంపలని సర్కారు ఆఫీసువాళ్ళు వాటిని పడగొట్టేశారు. తిరిగొచ్చిన వాళ్ళకి ఉత్త నేల తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటి నుంచి బస్తీ సంఘం పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పెళ్ళయినా చావయినా ప్రతి ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి. దానికి 'కూర్చోవడం' అని పేరు. "ఇవాళ మా ఇంట్లో నేను కూర్చున్నాను" అంటే పనికి పోలేదని అర్థం. ఇప్పుడు సర్కారు పట్టాలిస్తానంది. సర్వే ఎల్లుండి. మనుషులు కాపురముంటున్న ఇంటికి పట్టా, తాళం వేసిన ఇంటికి కొట్టివేత.

"మాకు మా అమ్మే కూర్చునేది," అన్నాడు వెల్డరు. "మంచం దిగలేదు గదా, అందుకని నేనూ మా ఆవిడా ఇద్దరం పనికి పోయేవాళ్ళం. అమ్మకి జబ్బు చేయడం మాకు కలిసొచ్చిందని నవ్వుకునేవాళ్ళం కూడా." అని, నోరు మూసుకున్నాడు.

రోడ్డు వారగా ఆరిళ్ళు ఒకే వరసలో ఉన్నాయి. కాలింది చిట్టచివరిది. ముందు లోపలికెళ్ళాను. మంచం పక్కన కిరోసిన్ స్టవ్ బోర్లా పడి ఉంది. మంట అక్కడే మొదలైంది. నేల మీద నల్లటి మరక స్టవ్ దగ్గర నుంచి మంచం కిందికి పాకింది. ఇంకెక్కడా కిరోసిన్ ఒలికిన గుర్తు లేదు. ఎవరూ నిప్పు పెట్టలేదు. ముసలావిడ ఏదో కంగారులో లేవబోయి వెలుగుతున్న స్టవ్ తన్నేసింది.

తర్వాత తలుపు లోపలి వైపు చూశాను. రేకంతా మసి. కింద, మోకాలెత్తులో మాత్రం మసి చెరిగిపోయి చారలు చారలుగా ఉంది. అరచేతులతో చరిచిన చారలు. లోపలి గడియ చూశాను. తీసే ఉంది.

మంచం దిగదన్న మనిషి దిగింది. పాకుతూ తలుపు దాకా వచ్చింది. తలుపు లాగింది. రాలేదు. కొట్టింది. ఇన్నేళ్ళలో కాలిన గోడౌన్లు చాలా చూశాను గానీ, ఆ చారలు చూసినప్పుడు కలిగిన అసహ్యం ఎప్పుడూ కలగలేదు. నిప్పు మీద కాదు నా అసహ్యం. బయట నుంచి ఆ గొళ్ళెం వేసిన చెయ్యి మీద.

బయటికొచ్చి పక్కింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఇంట్లో కూర్చున్నావిడ చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"నిన్న మంటలప్పుడు ఎక్కడున్నారమ్మా?"

"ట్యాంకరు దగ్గర. వరసంతా అక్కడే ఉన్నామండీ. ఎప్పుడూ పొద్దున్నే వచ్చి ఇక్కడే రోడ్డు మీద ఆగే ట్యాంకరు, నిన్న మధ్యాహ్నం వచ్చింది. అదీ బస్తీ వెనకాల ఆగింది. నాలుగు రోజులుగా నీళ్ళు లేవు. కూర్చున్నవాళ్ళం కూడా తలుపులు దగ్గరకేసి బిందెలు పట్టుకుని పరుగెత్తాం. కాసేపే గదా అనుకున్నాం."

"తలుపులు తెరిచే పోయారా?"

"గొళ్ళెం కూడా పెట్టమండీ. ఉత్తినే దగ్గరికి లాగుతాం."

"మంటలు ముందు చూసిందెవరు?"

"ప్రెసిడెంటుగారు. మా సంఘం ప్రెసిడెంటు. మేం అరుపులు విని వచ్చేసరికి రాయి పుచ్చుకుని తాళం మీద బాదుతున్నాడు పాపం. చెయ్యి చీరుకుపోయింది. కోడలొచ్చి రేకు పట్టుకుని పీకింది." దారం కొరికి, గొంతు తగ్గించింది. "వాళ్ళ పెద్దపిల్ల ఇంకో బిందె కోసం మాకంటే ముందే వెనక్కొచ్చింది. రోడ్డు మీద నిలబడి ఉంది. అప్పట్నించీ ఆ పిల్ల నోట మాట లేదు. బెదిరిపోయింది."

ఆవిడ మాట్లాడుతుంటే నా కళ్ళు తలుపు గొళ్ళెం మీద పడ్డాయి. ఏళ్ళ తరబడి తాళం ఎరగని గొళ్ళెం, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. తాళం దూర్చే రింగు లోపల మాత్రం కొత్తగా గీరుకుపోయి తెల్లటి ఇనుము కనబడుతోంది. వేలితో తడిమి చూశాను. పక్కింటికెళ్ళాను. అక్కడా అంతే. ఆ పక్కింటికీ అంతే. కాలింది పోగా మిగిలిన అయిదు తలుపులకీ తాజా గీతలే.

"ఏం వెతుకుతున్నారమ్మా? నన్నడిగితే చెప్పనా?"

తిరిగి చూశాను. కుడిచేతికి కట్టు కట్టుకుని నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. ప్రెసిడెంటు. వెల్డరు అతన్ని చూడగానే "మావయ్యా" అని భుజం మీద పడి ఏడ్చాడు. ఆయన కూడా ఏడ్చాడు. చక్కగా ఏడ్చాడు.

"నువ్వు ఆసుపత్రికెళ్ళి అమ్మని తీసుకురా అల్లుడూ. పిల్లల్ని నా దగ్గర పడుకోబెట్టానులే," అని వెల్డర్ని పంపించేసి నావైపు తిరిగాడు. "మంచి అమ్మాయండీ ఆ కోడలు. ఏదో పొరపాటున వేసుంటుంది. ముసలావిడ పాకుతూ రోడ్డు మీదకి పోతుందేమోనని భయం."

"మీ బస్తీలో తాళాలు లేవంటున్నారే?"

"ఇప్పుడు కుర్రవాళ్ళు కట్టుబాట్లు పాటిస్తున్నారా అండీ? ఎక్కడో కొనుక్కునుంటుంది."

"పెద్దపిల్లతో ఒక్క మాట మాట్లాడాలి."

"పసిపిల్లండీ. జ్వరం కూడా వచ్చింది. రెండ్రోజులు వదిలేయండి." చేతులు జోడించబోయాడు, కట్టు అడ్డమొచ్చింది.

ఇంతలో జీపు ఆగింది. మా మరిది దిగుతూనే, "ఇక్కడ కూడా దుకాణం పెట్టారా వదినా?" అన్నాడు.

అతన్ని లాక్కెళ్ళి ఆ అయిదు తలుపుల గీతలూ చూపించాను.

"గాలికి గొళ్ళేలు ఊగి ఉంటాయి."

"అయిదింటికీ ఒకే రోజు, ఒకే చోట గీరిందా గాలి? ఈ వరసలో ఎవరికీ తాళాల్లేవు. ఎవడో బయటినుంచి తెచ్చి వేశాడు."

మా మరిది నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"తాళాల్లేవా? మీరు కూడా వీళ్ళ కబుర్లు నమ్ముతున్నారు. ఆరిళ్ళకీ తాళాలే వదినా. వీళ్ళకి వేరేచోట్ల ఇళ్ళున్నాయి, పట్టాల కోసం ఇక్కడ నాటకాలాడుతున్నారని సర్వే ఆఫీసుకి ఎవరో ఫోటోలు పంపారు. ఆఫీసువాళ్ళు నాకూ పంపారు, చూడండి." ఫోను నా మొహం ముందు పెట్టాడు. మూసిన తలుపులు ఆరు, వాటికి తాళాలు.

ఫోను లాక్కుని బొమ్మలు పెద్దవి చేశాను. ఒక్కొక్కటే జరిపాను. మళ్ళీ మొదటికొచ్చాను.

"ఆరు తాళాలా, ఒకటే తాళమా?"

"అంటే?"

"సరిగ్గా చూడు. అదే ఇత్తడి తాళం. నీ సొరుగులో ఉన్నదే. కింద మూల చిన్న సొట్ట, ఆరింటిలోనూ ఉంది. ఒక్కో తలుపుకీ వేశాడు, ఫోటో తీశాడు, ఊడదీశాడు, పక్కింటికెళ్ళాడు. చివరి ఇంటికొచ్చేసరికి లోపల ముసలావిడకి తలుపు చప్పుడు వినబడింది. ఇల్లు పడగొట్టడానికి వచ్చారనుకుని ఉంటుంది. కంగారుగా లేచింది, స్టవ్ పడింది, పొగ లేచింది. ఆవిడ లోపల్నుంచి తలుపు కొడుతుంటే బయట నిలబడ్డ ఆ వెధవ చేతిలో తాళంచెవి ఉంది. తిప్పితే చాలు. తిప్పలేదు. తీస్తే ఆవిడ తనని చూస్తుంది, తాళం తనదని బయటపడుతుంది గనక."

మా మరిది ఫోను తీసుకుని తనూ ఒక్కొక్కటే జరిపి చూసుకున్నాడు. అతని మెడ ఎర్రబడింది.

"మీరు కూడా 'ఉంటుంది' అన్నారు," అన్నాడు చివరికి.

"ఒక్కసారన్నాను. నువ్వు ఆ అమ్మాయిని విడిచిపెట్టు."

"ఫోటోలు తీసిందెవరో తెలియకుండా ఎలా వదలను? మా పైవాళ్ళు నా తల తీస్తారు. పేరు తెండి, వదిలేస్తాను."

పేరు తేవడానికి ట్యాంకర్లలో నీళ్ళు నింపే స్టేషనుకెళ్ళాను. ట్యాంకరు డ్రైవరు పైపు కింద బండి పెట్టి, టైరుకి ఆనుకుని అరటిపండు తింటున్నాడు. నిన్న మధ్యాహ్నం ఎందుకెళ్ళావని అడిగితే నీళ్ళు నమిలాడు. ఇది హత్య కేసని చెప్పేసరికి పండు కింద పెట్టాడు.

"నాకేం తెలుసమ్మా? నాలుగు రోజులు రావద్దన్నారు, మానేశాను. నిన్న ఫోన్ చేసి మధ్యాహ్నం రమ్మన్నారు, వెళ్ళాను. రోడ్డు మీద కాదు, వెనకాల ఆపమన్నారు. ఆపాను. బిందెలన్నీ నిండేదాకా కదలొద్దన్నారు."

"ఎవరు?"

"ఇంకెవరమ్మా? వాళ్ళ ప్రెసిడెంటే. నీళ్ళ సంగతంతా ఆయనేగా చూసేది."

వాళ్ళ దాహం ఎంతో తెలిసిన మనిషి. ఎన్ని రోజులు నీళ్ళు ఆపితే ఇల్లు వదిలి పరుగెత్తుతారో లెక్క తెలిసిన మనిషి. కూర్చోవాలన్న కట్టుబాటు తన నోటితోనే పదిమందికీ చెప్పి, రోడ్డు వైపు వరస ఖాళీ చేయించి ఖరీదైన ఆ నేల ఎవరికో అప్పగించాలనే కాబోలు, అదే కట్టుబాటుని నీళ్ళతో విరగ్గొట్టాడు. ఆ తర్వాత జేబులో తాళంచెవి పెట్టుకుని, అందరూ చూస్తుండగా రాయితో తాళం బాదాడు. చెయ్యి చీరేలా బాదాడు. ఆ కట్టు చూసి ఊరంతా చేతులెత్తి దణ్ణం పెడుతోంది. దొంగల్ని చూశాను, సొంత దుకాణం తగలబెట్టుకుని ఏడ్చినవాళ్ళని చూశాను. ఇంత నీచుణ్ణి చూడలేదు.

ఆటో ఎక్కుతుండగా ఫోను మోగింది. మా మరిది.

"వదినా, మీరు అనవసరంగా తిరుగుతున్నారు. కోడలు ఒప్పుకుంది."

"ఏమని?"

"తాళం తనే వేశానని. నేను ఒక్క దెబ్బ కూడా వేయలేదు, మా అన్నయ్య మీద ఒట్టు. దానంతటదే చెప్పింది."

స్టేషనుకెళ్ళేసరికి ఆవిడ గోడకి ఆనుకుని ప్రశాంతంగా కూర్చుని ఉంది. పొద్దున ఆ మొహంలో ఉన్న భయం ఇప్పుడు లేదు. మా మరిది గుమ్మంలో నిలబడ్డాడు. అతనికీ ఏదో తేడాగా అనిపిస్తున్నట్టుంది, నన్ను ఆపలేదు.

"పొద్దున మీ ఇంట్లో తాళమే లేదన్నావు," అన్నాను ఎదురుగా కూర్చుని.

"అబద్ధం చెప్పానండీ. నేనే వేశాను."

"తాళం ఏ రంగు?"

తల దించుకుంది.

"ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను?"

తన చేతుల వైపే చూసుకుంది. "ప్రెసిడెంటు మావయ్య ఇందాక వచ్చి వెళ్ళాడు," అంది. "వేరేవాళ్ళెవరో వేశారని మీరు తిరుగుతూ ఉంటే గొడవ పెద్దదై సర్వే ఆగిపోతుందట. వరస మొత్తానికి పట్టాలు పోతాయట. నేను వేశానని ఒప్పుకుంటే కేసు ఇక్కడితో అయిపోతుంది. ఇంట్లో మేం కాపురం ఉంటున్నట్టు రుజువు కూడా అవుతుందట. ఇల్లు కాలినా నేల మాదే అవుతుంది. పిల్లల పేరున రాయిస్తానన్నాడు."

"నువ్వు జైలుకి పోతావు."

"పోతే పోయానండీ. తిరిగొచ్చేసరికి పిల్లలకి ఇల్లుంటుంది. మా అమ్మ చచ్చేదాకా ఎదురుచూసింది, మా అత్త ఎదురుచూసింది. వాళ్ళకి రాలేదు. నా సగం బతుకు పోయి ఆ నేల వస్తే నాకు చాలు." నా చెయ్యి పట్టుకుంది. "మీరు నన్ను విడిపించకండమ్మా. మీకు పుణ్యం ఉంటుంది."

ఎన్నో కేసుల్లో నిందితులు విడిపించమని నా కాళ్ళు పట్టుకున్నారు. విడిపించవద్దని బతిమాలిన మనిషి ఈవిడొక్కతే. గుమ్మంలో మా మరిది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతని వైపు తిరిగి, "ట్యాంకరు పిలిపించింది ప్రెసిడెంటు. వెనకాల పెట్టించిందీ ఆయనే. డ్రైవరు చెప్తాడు, పిలిచి అడుగు," అన్నాను, ఆవిడ వినేలాగే.

ఆవిడ వింది. కాసేపు అర్థం చేసుకోలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేనట్టు తల అడ్డంగా ఊపింది. "మావయ్యే ముందొచ్చాడండీ. రాయితో కొట్టింది ఆయనే," అంది.

"తెలుసు. పిల్లలెక్కడున్నారు? బస్తీలో ఆయన ఇంట్లోనేనా?"

"లేదండీ. ఊళ్ళో ఫ్లాటుకి తీసుకెళ్ళాడు. ఈమధ్యే కొనుక్కున్నాడట, ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఎక్కడ? ఏ వీధిలో?"

"చెప్పలేదండీ. పెద్దదే రానని గుమ్మం పట్టుకుని ఒకటే ఏడుపట. నిన్నట్నుంచీ ఆయన్ని చూస్తే చాలు, వణికిపోతోంది. మంటల్లో ఆయన్ని చూసింది గదా, దడుచుకుంది. మాట కూడా పడిపోయింది. మాట వచ్చాక ఇంటికి పంపిస్తానన్నాడు."

మా మరిది అప్పటికే బయటికి పరుగెత్తాడు. జీపు స్టార్టు చేయమని అరుస్తున్నాడు. నేను లేవబోతుంటే ఆవిడ నా కొంగు పట్టుకుంది, నా కంగారు చూసి నన్నే ఓదారుస్తున్నట్టు.

"భయం లేదమ్మా. ఆయన బయటికెళ్ళినా పిల్లలు ఎక్కడికీ పోరు. బయట తాళం వేసుకునే వెళ్తాడట."